యంత్రం తీసేది చెమటనా, పనినా?

అన్వేషి:
ముఖపు చెమట కార్చి ఆహారం తినాలని ఆదికాండము 3:19లో ఉంది. ఆ శ్రమ పాపం వల్ల వచ్చిందే కదా? దాన్ని యంత్రం తొలగిస్తుంటే మన క్రైస్తవ సంఘాల్లో ఇంత ఆందోళన ఎందుకు?

ఉలి:
ఒక్క అధ్యాయం వెనక్కి వెళ్ళండి. 2:15లో దేవుడు నరుణ్ణి ఏదెను తోటలో ఉంచింది దాన్ని సేద్యపరచి కాయడానికి. అప్పటికి పాపం లేదు, పని ఉంది. ముళ్ళూ అలసటా తర్వాత వచ్చాయి. యేసును ఊరివారు వడ్రంగివాడనే అన్నారు (మార్కు 6:3). డేరాలు కుట్టిన అపొస్తలుడు పౌలు ఎఫెసు సంఘ పెద్దలకు సాక్ష్యంగా చూపింది తన చేతులనే.

వెన్నెల:
ఉలి గారూ, మురుగు గుంటలో దిగి ఊపిరాడక చనిపోయే మనిషితో “నీ పని గౌరవమైనది” అనడానికి నాకు నోరు రాదు. అక్కడ దిగాల్సింది యంత్రమే. ఆరో శతాబ్దంలో మఠాధిపతి బెనెడిక్టు రాసిన నియమావళి సన్యాసులకు రోజూ చేతిపని విధించింది. మఠంలో పిండిమర ఉండాలన్నదీ ఆ నియమావళే. ఆ నియమావళినే పాటించిన సిస్టర్షియన్ సన్యాసుల 12వ శతాబ్దపు మఠాల్లో వాగునీరే మరలు తిప్పింది. వారి భక్తి ఏమీ తగ్గలేదు.

ఉలి:
మురుగు గుంట విషయంలో మీతో పేచీ లేదండీ. కానీ మర వచ్చిందని ఏ సన్యాసికీ భోజనపు బల్ల దగ్గర చోటు పోలేదు. గిడ్డంగిలోకి రోబో వస్తే, పెట్టెలు మోసినవారికి ఆ చోటు మిగులుతోందా? యంత్రం మనిషికి మిత్రమే అయినా అతని స్థానాన్ని లాక్కుంటే శత్రువు కాగలదని 1981లో పోపు రెండవ జాన్ పాల్ సంఘమంతటికీ రాసిన తన విశ్వలేఖలో హెచ్చరించారు.

నాకు మత్తయి 20లో యేసు చెప్పిన ద్రాక్షతోట ఉపమానంలోని కూలీలు గుర్తొస్తారు. పొద్దు వాలుతుంటే ఇంకా ఊరికే నిలబడి ఉన్నారు. ఎందుకని తోట యజమాని అడిగితే, తమను ఎవరూ కూలికి పెట్టుకోలేదన్నారు. వారు సోమరులు కారు. యజమాని చివరికి వారికీ పూర్తి దేనారం, అంటే రోజంతటి కూలి, ఇచ్చాడు, నిజమే. కానీ ముందు “మీరు కూడా తోటలోకి వెళ్ళండి” అన్నాడు. చేతిలో డబ్బు పెట్టి అటునుంచి అటే ఇంటికి పంపలేదు.

అన్వేషి:
తోటలో మరలే కోత కోస్తుంటే వారిని ఏ పనికి పిలవాలి?

వెన్నెల:
మంచం పట్టిన తల్లికి స్నానం చేయించే పనికి, ఒంటరి ముసలివారికి అన్నం తినిపించే పనికి. వీటికి మనుషులు చాలడం లేదు, కూలి కూడా చాలడం లేదు. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4లో చదువుతాం. యంత్రం వల్ల మిగిలిన డబ్బు ముందు ఆ చేతులకు అందాలి. ఉలి గారూ, ఇక్కడ మాత్రం నేను మీ పక్షమే.