వేలం ధరలు ఫోన్లకు పంపాలి: వెబ్‌సాకెట్టా, ఎస్‌ఎస్‌ఈనా?

కర్నూలోడు: మా జిల్లాలో ఒక యార్డు. ఎర్రగడ్డల వేలంలో లాటు లాటుకీ పలికిన ధర రైతు ఫోన్లో కనపడాలి. ఇప్పుడైతే ఐదు సెకన్లకోసారి ఫోనే సర్వర్‌ని అడుగుతోంది, కొత్త ధర లేకపోయినా అడుగుతూనే ఉంటుంది. దేనికి మారాలి?

కడప_కారం: వెబ్‌సాకెట్. 2011లోనే స్టాండర్డ్ అయింది. ఒకసారి కలిపిన కనెక్షన్‌లోనే ఫోనూ సర్వరూ రెండువైపులా పంపుకోవచ్చు. రేపు రైతు నుంచి ఏదైనా తీసుకోవాలంటే మళ్ళీ మొదటినుంచి రాస్తావా?

అనంత_బ్యాకెండ్: రైతు ఏం పంపుతాడప్పా? ధర సర్వర్ నుంచి ఫోనుకు పోతుంది, అంతే కదా. ఎస్‌ఎస్‌ఈ అంటే సర్వర్-సెంట్ ఈవెంట్స్, సర్వర్ ఒకవైపే పంపుతూ ఉంటుంది. వెబ్ పేజీలు వచ్చే మామూలు హెచ్‌టీటీపీనే, బస్సులో సిగ్నల్ పోయి మళ్ళీ వస్తే బ్రౌజరే కలుపుకుంటుంది, చివర అందిన ఐడీని లాస్ట్-ఈవెంట్-ఐడీ హెడర్‌లో చెబుతుంది, మధ్యలో తప్పిపోయిన లాట్లు నువ్వు మళ్ళీ పంపొచ్చు. వెబ్‌సాకెట్‌లో ఇదంతా సొంతంగా రాసుకోవాల.

కడప_కారం: ఆరు కనెక్షన్ల సంగతి చెప్పవేం? హెచ్‌టీటీపీ 1.1లో ఒక డొమైన్‌కి బ్రౌజర్ ఇచ్చేది ఆరే. ఎస్‌ఎస్‌ఈ ట్యాబుకొకటి పట్టుకుని కూర్చుంటుంది, ఏడో ట్యాబ్ తిరుగుతూనే ఉంటుంది.

అనంత_బ్యాకెండ్: ఎర్రగడ్డల రైతు ఏడు ట్యాబ్‌లు తెరుస్తాడా సామీ! హెచ్‌టీటీపీ 2 పెట్టుకో, అన్నీ ఒకే కనెక్షన్‌లో పోతాయి, ఆ గొడవే ఉండదు.

కడప_కారం: రైతు తెరవడు, ఏజెంట్ తెరుస్తాడు. పోయినేడు ఎస్‌ఎస్‌ఈ నమ్ముకుని క్లయింట్ ముందర పరువు పోగొట్టుకున్నోణ్ణి. ధరలు రావు రావు, ఒక్కసారిగా కుప్పపడతాయి.

నంద్యాల99: సర్వర్ ముందుండే ఎంజిన్‌ఎక్స్‌లో బఫరింగ్, అదే పోగేసి పంపడం, ఆపలేదేమో.

కడప_కారం: నా పని నాకు నేర్పొద్దు.

రైతుబిడ్డ: మీ సెకన్ల లెక్క ఆపండయ్యా. మా నాయన తెల్లారకముందే యార్డుకు పోతాడు. అక్కడ ధరలు చీటీ మీద రాసుకుని, భోజనాలయ్యాక ఒకాయన తీరిగ్గా టైప్ చేస్తాడు. అప్పటికి సరుకు లారీ ఎక్కేసి ఉంటుంది.

కడప_కారం: నేనన్నదీ అదే! వేలం కాడినుంచే ధరలు ఫోన్లో కొట్టాలంటే రెండువైపులా కావాల.

అనంత_బ్యాకెండ్: దానికి ఫోన్ నుంచి సర్వర్‌కి ఒక పోస్ట్ రిక్వెస్ట్, అంటే ఫారం నింపి పంపినట్టు, చాలు. అసలు అక్కడికక్కడే కొట్టనిస్తారా?

కర్నూలోడు: ఇవ్వరు. వేలం ముగిశాకే చూపించమంటున్నారు ఏజెంట్లు. పొద్దున్నే ధర తెలిస్తే దారిలో ఉన్న బండ్లు వేరే యార్డుకు తిరుగుతాయంట.

రైతుబిడ్డ: ఈ ముక్క దాచిపెట్టి సాకెట్టా ఇంకోటా అని అడుగుతావా? ఎవరికోసం చేస్తున్నావ్ ఇది?

కర్నూలోడు: బిల్లు కట్టేది వాళ్ళే అన్నా.

అనంత_బ్యాకెండ్: అయితే రోజుకో పేజీ పెట్టు. ఎస్‌ఎస్‌ఈ కూడా దండగ.