మనకీ కేంద్రానికి వేరే కోర్టులు ఉండాలా?

గోదారిగట్టు: మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ ఫెడరల్ కోర్టులు, అంటే కేంద్రానివి, వేరు, రాష్ట్ర కోర్టులు వేరట. ఇక్కడేమో అన్నీ ఒకే గాటన కట్టేసి ఏళ్లకేళ్లు తిప్పుతున్నారు. మనమూ అలా విడగొడితే పని తేలికవదా?

కొబ్బరితోట: అవదండీ. నా సంగతే చూడండి. కౌలుకిచ్చిన రెండెకరాల మీద తగాదా, అది రాష్ట్రం 1956లో చేసిన కౌలు చట్టం కింద. ఆ ఏడాదే కాయలు కొన్న వ్యాపారి ఇచ్చిన చెక్కు వెనక్కొచ్చింది, అది 1881 నాటి చట్టం, ఇప్పుడు కేంద్రానిది. రెండిటికీ ఎక్కిన మెట్లు ఒకటే, వాయిదా రోజు కూర్చున్న వేపచెట్టు ఒకటే, జడ్జి గారూ ఒకరే. మీ లెక్కన అయితే నేను రెండు ఊళ్లు తిరగాలి, ఇద్దరు వకీళ్లకి ఫీజు కట్టాలి. పోనీ అమెరికాలో ఆ గీత తిన్నగా ఉందా అంటే అదీ లేదు, కేంద్ర చట్టం కేసులు చాలావాటిని రాష్ట్ర కోర్టులూ వింటాయి, ఇద్దరూ వేరే రాష్ట్రాల వాళ్లయి 75,000 డాలర్లు దాటితే రాష్ట్ర చట్టం తగాదా కూడా ఫెడరల్ కోర్టుకెళ్లచ్చు. కేసు ఎవరిదన్న దాని మీదే ముందొక కేసు!

దాళ్వా: చెక్కుల సంగతి సరే, నీళ్ల తగాదా? మాది కాలవ చివర, వంతుల వారీగా వస్తేగానీ చేను తడవదు. రాష్ట్రాల మధ్య గొడవని సుప్రీం కోర్టే తేల్చాలని రాజ్యాంగం 131వ అధికరణలో ఉందిగా, మళ్లీ ట్రిబ్యునళ్లంటూ వేరే విచారణ సంఘాలెందుకు?

కొబ్బరితోట: నీళ్లకి 262వ అధికరణ అడ్డం. దాని కింద 1956లో పార్లమెంటు చేసిన చట్టం నదుల పంపకాన్ని కోర్టుల చేతిలోంచి తీసేసి ట్రిబ్యునళ్లకిచ్చింది. మన గోదావరికి బచావత్ ట్రిబ్యునల్ అలా వచ్చిందే.

దాళ్వా: మరి పోలవరం మీద ఒడిశా 2007లో సుప్రీం కోర్టుకే ఎలా వెళ్లింది?

కొబ్బరితోట: నీళ్లు పంచమని కాదండీ, ట్రిబ్యునల్ చెప్పినట్టు కట్టడం లేదని. అది కోర్టు వినచ్చు.

గోదారిగట్టు: అమెరికాలో సుప్రీం కోర్టే నేరుగా వింటుంది కదా, అదే నయం.

కొబ్బరితోట: కొలరాడో నది మీద అరిజోనా రాష్ట్రం 1952లో కేసు వేస్తే తీర్పు 1963లో. మన బచావత్ 1969లో మొదలై 1980లో ముగించారు. రెండూ పదకొండేళ్లే.

దాళ్వా: అంటే సార్వా, దాళ్వా కలిపి ఇరవై రెండు పంటలు.

గోదారిగట్టు: సర్లెండి. ఇంతకీ చెక్కు డబ్బులు వచ్చాయా?

కొబ్బరితోట: వచ్చే నెలకి వాయిదా పడింది.