భాష దిద్దడానికి ఏఐ వాడినా జర్నల్‌కు చెప్పాలా, అక్కర్లేదా?

సాలెగూడు

నాలుగు నెలల కిందట మా పేపర్ ఒక జర్నల్‌కు పంపాం. ప్రయోగాలు మావి, లెక్కలు మావి, మొదటి డ్రాఫ్టు మొత్తం నేనే రాశాను. నా ఇంగ్లీషు కాస్త మోటుగా ఉంటుంది, అందుకని ఉపోద్ఘాతాన్ని, చర్చ భాగాన్ని చాట్‌జీపీటీకి ఇచ్చి "అర్థం మార్చకుండా భాష మాత్రం సరిచెయ్యి" అని అడిగి, వచ్చినదాన్ని ఒకసారి చదువుకుని పెట్టుకున్నాను. ఏఐ వాడితే చెప్పమని జర్నల్ నిబంధనల్లో ఉంది. రిఫరెన్సులకు ముందు రెండు వాక్యాల డిక్లరేషన్ రాశాను.

రివ్యూలు, అంటే పేపర్ చదివి ఎడిటర్‌కు సలహా ఇచ్చే నిపుణుల అభిప్రాయాలు, వచ్చాయి. ఒకరు రెండు పేజీలు రాశారు, మా పద్ధతి మీద నిజంగా పనికొచ్చే ప్రశ్నలు అడిగారు. ఇంకొకరు రాసింది నాలుగే లైన్లు. ఏఐతో రాయించిన వ్యాసంలో రచయితల ఆలోచన ఎంతో తేల్చుకోలేకపోతున్నానని, తిరస్కరించమని సిఫార్సు చేస్తున్నానని దాని సారాంశం. ఎడిటర్ తిరస్కరించారు. మా గైడ్‌కు చెబితే "ఆ రెండు లైన్లు ఎందుకు రాశావు?" అని ఒక్క ముక్క అన్నారు. రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు.

నా వాదన ఇది. భాష దిద్దించుకోవడం వరకే అయితే చెప్పక్కర్లేదని అన్ని జర్నళ్లలోనూ ఒకే రూల్ ఉండాలి. స్పెల్ చెకర్ వాడామని ఎవరైనా రాస్తున్నారా? నిజం చెప్పినవాడికి ఇలా దెబ్బ తగిలితే రేపటినుంచి ఎవరు చెబుతారు? మీరేమంటారు?

గణాంకం

ముందుగా, మీకు జరిగింది తప్పు. డిక్లరేషన్ రాయమన్న జర్నలే ఆ డిక్లరేషన్‌ను కారణంగా చూపించిన రివ్యూను పక్కన పెట్టాల్సింది. ఎడిటర్‌కు అప్పీలు రాయండి, మర్యాదగానే, కానీ రాయండి.

రూల్ సంగతికొస్తే ప్రచురణకర్తల మధ్యే ఏకాభిప్రాయం లేదు. స్ప్రింగర్ నేచర్ మీరు అడుగుతున్న మాటే చెబుతోంది, మనిషి రాసిన వాక్యాలను చదవడానికి బాగుండేలా ఏఐతో దిద్దించుకుంటే ప్రకటించక్కర్లేదు. ఎల్సెవియర్ మామూలు స్పెల్లింగ్, గ్రామర్ చెకర్లను మాత్రం వదిలేసి మిగతా వాడకానికి డిక్లరేషన్ అడుగుతుంది. సైన్స్ పత్రిక 2023 జనవరిలో ఏఐ రాసిన వాక్యమే వద్దంది, అదే ఏడాది నవంబరులో మెత్తబడి, వాడుకోండి గానీ ఏ టూలు, ఏ వెర్షను, ఇచ్చిన ప్రాంప్ట్ ఏమిటో మొత్తం చెప్పండి అంది. అంటే ఒక చోట తిరస్కరించిన పేపర్‌ను ఇంకో చోటికి పంపేటప్పుడు ఫార్మాట్ ఒక్కటే మార్చుకుంటే చాలదు, మీరు చేసిన అదే పని ఒక చోట మామూలు విషయం, ఇంకో చోట దాచకూడని విషయం. అందరూ ఒప్పుకున్నది మాత్రం ఒకటుంది, ఏఐ రచయిత కాలేదు. తప్పు తేలితే జవాబు చెప్పుకోలేని దాని పేరు రచయితల వరుసలో ఉండకూడదు. దాని మీద ఎవరికీ తగాదా లేదు.

పచ్చసిరా

నేను పన్నెండేళ్లుగా జర్నళ్లకు కాపీ ఎడిటింగ్ చేస్తున్నాను. సాలెగూడు గారి బాధ అర్థమవుతోంది, కానీ వాదన ఒప్పుకోలేను. "భాష మాత్రమే" అనేది నేను ఇన్నేళ్లలో ఎక్కడా చూడలేదు. సైన్సులో భాష మారితే చాలాసార్లు విషయమూ మారిపోతుంది.

నా చేతికొచ్చిన ఫైళ్లలో పదేపదే చూసేవి చెబుతాను. రచయిత "మే బీ అసోసియేటెడ్ విత్" అని జాగ్రత్తగా రాసుకుంటారు, దిద్దిన ప్రతిలో అది "లీడ్స్ టు" అయి ఉంటుంది. సంబంధం ఉండొచ్చు అన్నది కాస్తా దీనివల్లే అది జరుగుతోంది అన్నదిగా మారింది. వాక్యం మాత్రం చక్కగా, హాయిగా చదువుకునేలా ఉంటుంది! "సజెస్ట్" (సూచిస్తోంది) పోయి "డెమాన్‌స్ట్రేట్" (నిరూపిస్తోంది) వస్తుంది. "సిగ్నిఫికెంట్లీ" అనే మాటను ఏఐ ఊరికే బలం కోసం తగిలిస్తుంది, గణాంక పరీక్ష అసలు చేయని చోట కూడా. అన్నిటికన్నా ప్రమాదం, ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తే బాగోదని పర్యాయపదం వెతకడం. కథలో అది అందం. పేపర్‌లో "ఇన్సిడెన్స్" అంటే కొత్తగా వచ్చిన కేసులు, "ప్రివలెన్స్" అంటే అప్పటికి ఉన్న కేసులు. ఒకదాని బదులు ఇంకొకటి పెడితే పట్టిక ఒకటి చెబుతుంది, వాక్యం ఇంకొకటి చెబుతుంది. "యాక్యురసీ" (కొలత అసలు విలువకు ఎంత దగ్గర), "ప్రెసిషన్" (కొలతలు ఒకదానికొకటి ఎంత దగ్గర) కూడా అంతే.

ఇది ఏఐతో మొదలైన జబ్బు కాదు. వాక్యాలను వేరే మాటల్లో తిరగరాసే పాత పారాఫ్రేజింగ్ సాఫ్ట్‌వేర్లు "బ్రెస్ట్ క్యాన్సర్"ను "బోసమ్ పెరిల్" (రొమ్ము గండం) అని, "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్"ను "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" (నకిలీ స్పృహ) అని మార్చేసిన పేపర్లు ఎన్నో ఉన్నాయని 2021లో కొందరు పరిశోధకులు బయటపెట్టారు. అప్పటి తప్పులు వికారంగా ఉండేవి కాబట్టి కంటికి ఆనేవి. ఇప్పటివి నున్నగా ఉంటాయి, కంటికి దొరకవు. ఎక్కడ చెయ్యి పడిందో తెలిస్తేనే నాలాంటివాళ్లు ఆ చోట ఆగి చూస్తారు. అందుకే చెప్పాలి.

మూడో రచయిత

పచ్చసిరా గారూ, మీరు చెప్పిన తప్పులన్నీ మనుషులూ చేస్తారు. డబ్బిచ్చి ఎడిటింగ్ సంస్థ చేత దిద్దించుకున్నవాళ్లను ఏ రివ్యూయరైనా ఇలా అనుమానించాడా? డబ్బున్నవాడి సాయం మర్యాదస్తుల పని, లేనివాడి సాయం మోసమా?

పర్యావరణ శాస్త్రాల్లో పనిచేసే 908 మందిని, ఎనిమిది దేశాలవాళ్లను అడిగి చేసిన అధ్యయనం ఒకటి 2023లో పీఎల్ఓఎస్ బయాలజీ అనే జర్నల్‌లో వచ్చింది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకు, ముఖ్యంగా కెరీర్ మొదట్లో, పేపర్ రాయడానికి 51 శాతం దాకా ఎక్కువ సమయం పడుతోందట. ఇంగ్లీషు బాగోలేదన్న కారణంతో తిరస్కరణ వాళ్లకు రెండున్నర రెట్లు ఎక్కువ. పరిశోధన బాగోలేక కాదు, ఇంగ్లీషు బాగోలేక. ఆ గోడను కొంచెం తగ్గించే సాధనం మొదటిసారి అందరి చేతికీ వచ్చింది. వచ్చీ రాగానే దాని మీద ముద్ర వేయమంటున్నారు. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాడికి ఆ ముద్ర అక్కర్లేదు, మనకు కావాలి. నాకు ఇది న్యాయంగా కనిపించడం లేదు.

పచ్చసిరా

మనిషి చేసిన సాయం చెప్పక్కర్లేదన్నది సరికాదండీ. వైద్య పత్రికల ఎడిటర్ల కమిటీ, అదే ఐసీఎంజేఈ, భాష దిద్దినవాళ్లనూ ప్రూఫులు చూసినవాళ్లనూ అక్నాలెడ్జ్‌మెంట్స్‌లో పేర్కొనమని చెబుతుంది. చాలామంది రాయరు, అది వేరే సంగతి.

ఇంకో తేడా ఉంది. నాకు వాక్యం అర్థం కాకపోతే మార్జిన్‌లో రాస్తాను, "మీ ఉద్దేశం ఇదా, అదా?" అని. ఒక్కో ఫైలులో ముప్పై నలభై ప్రశ్నలు ఉంటాయి. రచయితలకు విసుగే, నాకూ విసుగే, కానీ అసలు పని అక్కడే జరుగుతుంది. ఏఐ టూలు ప్రశ్న అడగకుండా ఏదో ఒక అర్థం తనే ఎంచుకుని అందంగా రాసేస్తుంది. రచయితకు ఇంగ్లీషు మీద పట్టు తక్కువైతే ఆ మార్పును గుర్తుపట్టే అవకాశమూ తక్కువ. ఎవరికి సాయం ఎక్కువ అవసరమో వాళ్లే ఎక్కువ మోసపోతారు. మూడో రచయిత గారు చెప్పిన న్యాయం కోసమే నేనూ ఈ మాట అంటున్నాను.

చలువరాయి

నేను రివ్యూలు చేస్తాను, ఒక చిన్న జర్నల్‌లో ఎడిటర్లకు సాయం కూడా చేస్తాను. డిక్లరేషన్ ఉంటే సరిపోతుందనీ, లేకపోతే మోసమనీ అనుకోవడం దగ్గరే నాకు పేచీ. 2024లో జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి. ఫిబ్రవరిలో ఫ్రాంటియర్స్ వాళ్ల జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది, అందులో ఎలుక బొమ్మ జననాంగాలు అసంభవమైన సైజులో, పక్కన అర్థంలేని అక్షరాల లేబుళ్లతో. బొమ్మలు గీసే ఏఐ మిడ్‌జర్నీతో చేశామని రచయితలు పేపర్‌లోనే చెప్పారు! చెప్పినా ముద్రించారు, జనం గోల చేశాక మూడు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. తర్వాతి నెలలో ఎల్సెవియర్ వాళ్ల జర్నల్‌లోని లిథియం బ్యాటరీల పేపర్ ఒకటి బయటపడింది, దాని ఉపోద్ఘాతం "తప్పకుండా, మీ అంశానికి ఒక ఉపోద్ఘాతం ఇదిగో" అనే చాట్‌బాట్ పలకరింపుతోనే మొదలవుతుంది. ఇందులో డిక్లరేషన్ లేదు. ఒకరు చెప్పారు, ఒకరు చెప్పలేదు, రెండూ రివ్యూయర్లనూ ఎడిటర్లనూ దాటుకుని అచ్చయ్యాయి. చదవాల్సినవాళ్లు చదవలేదన్నది అసలు జబ్బు.

మా దగ్గరికి వచ్చేవాటిలో నేను మొదట చూసేది రిఫరెన్సులే. చాట్‌జీపీటీ లాంటి మోడల్ తర్వాతి మాట ఏది రావొచ్చో అంచనా వేసుకుంటూ రాస్తుంది కాబట్టి రచయితల పేర్లు, పేపర్ శీర్షిక, జర్నల్, సంవత్సరం, పేజీలు అన్నీ నమ్మేలా పుట్టిస్తుంది. డీఓఐ, అంటే ఒక్కో పేపర్‌కు ఉండే ఆన్‌లైన్ గుర్తింపు లింకు, నొక్కితే ఇంకేదో పేపర్ తెరుచుకుంటుంది, లేదా ఏమీ తెరుచుకోదు. ఒక్క దొంగ రిఫరెన్సు దొరికినా ఆ పేపర్ వెనక్కి పంపుతాను, డిక్లరేషన్ ఉన్నా సరే.

గణాంకం

ఏఐ రాసిందో కాదో చెబుతామనే డిటెక్టర్లతో పట్టుకోవచ్చు కదా అని ఎవరూ అనకముందే నేనే చెబుతాను, వాటి జోలికి వెళ్లొద్దు. 2023లో పాటర్న్స్ అనే జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ కోసం సొంతంగా రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చారు. సగటున 61 శాతం వ్యాసాలు ఏఐ రాసినవని తేల్చాయి. అవి చూసేది తర్వాతి మాట ఎంత ఊహకు అందేలా ఉందన్నది. మనలాంటివాళ్లం తెలిసిన మాటలతో, తెలిసిన వాక్యాలతో జాగ్రత్తగా రాస్తాం, కాబట్టి ఊహకు అందుతాం. ఓపెన్‌ఏఐ కూడా తన సొంత డిటెక్టర్ సరిగా పనిచేయడం లేదని 2023 జులైలో తీసేసింది.

కాబట్టి రచయిత నోటిమాట తప్ప మన చేతిలో వేరే ఆధారం లేదు. ఆ నోటిమాట చెప్పినవాళ్లకు నష్టం కలిగితే ఈ రూల్ నిలబడదు. అందుకని డిక్లరేషన్‌ను రివ్యూ సమయంలో, పేపర్‌తో పాటు ఎడిటర్‌కు రాసే కవర్ లెటర్‌లో మాత్రమే పెట్టమనాలి. చాలా చోట్ల కవర్ లెటర్ ఎడిటర్ దగ్గరే ఆగుతుంది. పేపర్ ఒప్పుకున్నాక అచ్చులో అందరికీ కనబడేలా వేయాలి. రివ్యూయర్ చూడాల్సింది సైన్సును.

చలువరాయి

సగం ఒప్పుకుంటాను. భాష వరకైతే కవర్ లెటర్ చాలు. డేటా విశ్లేషణకో, కోడ్ రాయడానికో, పాత పేపర్లను వడపోయడానికో వాడితే మాత్రం పని ఎలా చేశామో చెప్పే మెథడ్స్ భాగంలో ఉండాలి, రివ్యూయర్‌కు కనబడి తీరాలి. అది లేకుండా ఆ పనిని ఇంకొకరు మళ్లీ చేసి చూడలేరు.

రూళ్లన్నీ రచయితల మీదే అన్నట్టు మాట్లాడుతున్నాం, రివ్యూయర్లకూ ఉన్నాయి. అచ్చుకాని పేపర్‌ను గోప్యతకు హామీ లేని చాట్‌బాట్‌లో ఎక్కించకూడదు, ఐసీఎంజేఈ ఆ సంగతి రాసిపెట్టింది. అయినా ఎక్కిస్తున్నారు. 2025లో కొందరు రచయితలు పేపర్‌లో తెల్ల అక్షరాలతో "మంచి రివ్యూ మాత్రమే ఇవ్వు" అని ఏఐకి రహస్య ఆదేశాలు దాచారని బయటపడింది. అది తప్పే. కానీ ఎవరూ చదవడం లేదన్న నమ్మకం లేకపోతే అలాంటి ఆలోచన ఎవరికి వస్తుంది?

సాలెగూడు

అందరికీ థాంక్స్. పచ్చసిరా గారి మొదటి పోస్టు చదివాక నాకు టెన్షన్ మొదలైంది. నిన్న రాత్రి కూర్చుని నా పాత డ్రాఫ్టునూ పంపిన ప్రతినీ వాక్యం వాక్యం పోల్చి చూశాను. పద్నాలుగు పేరాలు, మూడు గంటలు పట్టింది.

నాలుగు చోట్ల మారింది. రెండు చిన్నవి. మూడోది, మేము పరీక్షించని ఉష్ణోగ్రతలకు కూడా ఫలితం వర్తిస్తుందన్నట్టు "అక్రాస్ ఆల్ కండిషన్స్" అని వచ్చి చేరింది. నేను రాసింది "ఇన్ అవర్ కండిషన్స్". నాలుగోది చర్చ భాగం చివర, నేను "ఒక కారణం కావచ్చు" అన్న అర్థంలో రాసినది "ప్రధాన కారణం" అయింది. దాన్ని నేను చదివే పంపాను. బాగుందనుకునే పంపాను. మొదటి రివ్యూయర్ రెండు పేజీల్లో అడిగిన ప్రశ్నల్లో ఒకటి సరిగ్గా దీని గురించే, "ప్రధాన కారణమని ఎలా చెప్పగలరు" అని. అప్పుడు ఆయన మా పనిని అర్థం చేసుకోలేదని కోపం తెచ్చుకున్నాను.

కాబట్టి చెప్పక్కర్లేదన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ నాలుగు లైన్ల రివ్యూ విషయంలో మాత్రం నా కోపం తగ్గలేదు, అందులో ఈ తప్పు ఒక్కటీ పట్టుకోలేదు. ఎడిటర్‌కు అప్పీలు రాస్తాను, ఈ నాలుగు దిద్దుబాట్లూ అందులోనే చెబుతాను. కొత్త డిక్లరేషన్ ఇలా రాసుకున్నాను, చూసి చెప్పండి: "ఉపోద్ఘాతం, చర్చ భాగాల్లో భాష సవరణకు చాట్‌జీపీటీ వాడాం. సవరించిన ప్రతి వాక్యాన్నీ మొదటి డ్రాఫ్టుతో పోల్చి, అర్థం మారిన చోట మా వాక్యాన్నే తిరిగి పెట్టాం. వ్యాసంలోని ప్రతి మాటకూ బాధ్యత రచయితలదే."

పచ్చసిరా

బాగుంది. వెర్షనూ, వాడిన నెలా కూడా చేర్చండి, అదే పేరుతో మోడల్ మారిపోతూ ఉంటుంది. మీ ప్రాంప్ట్‌లో "అర్థం సందేహంగా ఉంటే మార్చకుండా ప్రశ్న అడుగు" అని కూడా రాసి చూడండి. కొంతవరకు వింటుంది, అన్నిసార్లూ కాదు.

మూడో రచయిత

సాలెగూడు గారు మూడు గంటలు కూర్చున్నారు కాబట్టి దొరికాయి, ఆ ఓపికకు దండం. నేను మాత్రం గణాంకం గారి మాట దగ్గరే ఉన్నాను, భాష సాయం సంగతి రివ్యూయర్‌కు కనబడకూడదు. అప్పీలుకు జవాబు వస్తే ఇక్కడ రాయండి, ఇంకో ఇద్దరు ముగ్గురం అదే అవస్థలో ఉన్నాం.