గేమ్ వీడియోని యుద్ధం అని పంపుతున్నారు, గుర్తుపట్టడం ఎలా?

ప్రశ్న (విజయనగరం నుంచి)
మా అన్నయ్య ఆర్మీలో, సరిహద్దు దగ్గర ఉన్నాడు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరుగుతున్నప్పుడు మా ఊరి వాట్సాప్ గ్రూపులో రాత్రిపూట విమానాన్ని కూల్చేస్తున్న వీడియో ఒకటి వచ్చింది, అది చూసి అమ్మ రాత్రంతా పడుకోలేదు. తర్వాత అది గేమ్ అని తెలిసింది. గేమ్ అంత నిజంలా ఎలా ఉంటుందండీ? మళ్లీ వస్తే ఎలా పట్టుకోవాలి?

జవాబు 1 (శ్రీకాకుళం)
ఇలా తిరిగేవాటిలో చాలావరకు ఆర్మా 3 గేమ్‌వి. 2013లో వచ్చింది, చెక్ దేశపు బొహీమియా ఇంటరాక్టివ్ వాళ్లది. ఆడేవాళ్లే కొత్త ట్యాంకులు, విమానాలు, మ్యాపులు తయారుచేసి అందులో కలుపుకోవచ్చు, మోడ్స్ అంటారు, అందుకే ఏ దేశం యుద్ధం పేరైనా పెట్టి క్లిప్ వదిలేస్తున్నారు. ఉక్రెయిన్ యుద్ధం అని ఇవి తెగ తిరిగితే 2022లో ఆ కంపెనీయే గుర్తులు చెప్పింది: బాగా మసకగా, చీకట్లో, కెమెరా ఊగుతూ, చాలాసార్లు శబ్దం లేకుండా ఉంటాయి. ముఖ్యంగా మనుషుల కోసం చూడండి. గేములో మనిషి నడక సహజంగా రాదు, అందుకే ఈ క్లిపుల్లో కదిలే మనుషులు దాదాపు కనపడరు. 2025 మేలో కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ వాళ్ల ఫ్యాక్ట్ చెక్ కూడా గేమ్ వీడియోని ఫేక్ అని చెప్పింది.

జవాబు 2 (టెక్కలి, మాజీ జవాన్)
అమ్మా, నిజంలా ఉండటానికి ఇంకో కారణం ఉంది. సైన్యాలకీ గేములకీ ఎప్పటినుంచో సంబంధం ఉంది. 1996లో అమెరికా మెరైన్లు డూమ్ 2 అనే షూటింగ్ గేముని మార్చుకుని నలుగురు జవాన్లు ఒక జట్టుగా కదలడం నేర్పారు. 2002లో అమెరికా ఆర్మీ కుర్రాళ్లని ఆకట్టుకుని చేర్చుకోడానికి సొంత గేమే ఫ్రీగా వదిలింది, 2022లో ఆపేశారు. ఆర్మా వంశంలోంచే వీబీఎస్ అనే ట్రైనింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది, చాలా దేశాల సైన్యాలు వాడాయి. జట్టులో మాట్లాడుకోవడం, దారి చూసుకోవడం దాంతో వస్తాయి, కాదనను. కానీ వీపు మీద బరువు, చలి, ఏమీ జరగకుండా గంటలు గంటలు కాపలా కాయడం, పక్కవాడికి తగిలితే వాణ్ణి మోసుకురావడం, ఇవేవీ అందులో లేవు. అగ్నివీర్‌కి తయారయ్యే మన జిల్లా పిల్లలు అది చూసి ఆర్మీ అంటే ఇదే అనుకోకూడదనే నా బాధ.

జవాబు 3 (చీపురుపల్లి)
నమస్తే అంకుల్. నేను పొద్దున్నే గ్రౌండ్‌లో 1.6 కిలోమీటర్ల రన్ ప్రాక్టీసు చేస్తాను, రాత్రి ఫోన్లో బీజీఎంఐ అనే షూటింగ్ గేమ్ ఆడతాను. రెండూ వేరని మాకు తెలుసండి. వీడియో ఫార్వర్డ్ చేసి ఇళ్లల్లో టెన్షన్ పెట్టేది ఎక్కువగా గేమ్ జోలికే పోని పెద్దవాళ్లు. అక్కా, ఇకమీదట అలాంటిది వస్తే ముందు మీ ఊళ్లో గేములాడే కుర్రాళ్లకి చూపించండి, చాలావరకు చూడగానే చెప్పేస్తారు.