చిన్న పడవకి లంగరు అవసరమా?

ఏటిగట్టు:
నాది పన్నెండు అడుగుల పడవ, వెనకాల చిన్న మోటారు, తిరిగేది నదిలోనే, సముద్రం వైపు పోను. ఎక్కడ ఆగాలన్నా ఒడ్డుకి తెచ్చి చెట్టుకి తాడు కట్టేస్తే సరిపోతోంది. అసలే చోటు తక్కువ, పైగా లంగరు, గొలుసు, బోలెడంత తాడు మోసుకు తిరగడం దేనికా అనిపిస్తోంది. మీరంతా పెట్టుకుంటారా? పెట్టుకుంటే ఎలాంటిది?

ఒండ్రునేల:
పెట్టుకోండి, ఇందులో రెండో మాట లేదు. లంగరు అంటే చేపలు పట్టేవాళ్లకే అనుకుంటారు చాలామంది, కానీ మోటారు చచ్చిపోతే మీ పడవకి ఉన్న బ్రేకు అదొక్కటే. గంటకి 5 కిలోమీటర్ల ప్రవాహం అంటే మనిషి నడకంత, చూడ్డానికి ఏమీ అనిపించదు, కానీ స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తున్న ఒక్కో నిమిషానికీ 80 మీటర్లకి పైగా దిగువకి పోతుంటారు. దిగువన ఆనకట్టో వంతెన స్తంభమో ఉంటే ఇక చెప్పేదేముంది.

బురద, ఇసుక నేలకైతే రెండు పలకలుండే డాన్‌ఫోర్త్ రకం బాగా పట్టుకుంటుంది. రాళ్లుంటే మడత కొక్కేల గ్రాప్నెల్ మేలు. తాడు మాత్రం లోతుకి కనీసం ఐదు రెట్లు వదలాలి, ప్రవాహం జోరుగా ఉంటే ఏడు. పొట్టి తాడైతే లంగరుని పైకి లాగేస్తుంది, నేలలో గుచ్చుకోదు. లంగరు దగ్గర రెండు మీటర్ల గొలుసు కలిపితే లాగుడు నేల వెంబడి ఉంటుంది. తాడు నైలాన్‌దే కొనండి, పాలీప్రొపిలీన్ నీళ్ల మీద తేలి ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది.

తెరచాప:
పైన చెప్పినవన్నీ సరే. కానీ లంగరు ఎప్పుడూ పడవ ముందు కొస నుంచే వేయాలి, వెనక నుంచి వేయనే వేయకూడదు. మోటారు బరువుకి వెనక భాగం అసలే కిందికి ఉంటుంది, ప్రవాహం వచ్చి దాన్ని తోస్తే నీళ్లు నేరుగా లోపలికి వచ్చేస్తాయి, క్షణాల్లో మునుగుతుంది. పక్క నుంచి వేస్తే బోల్తా. దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఇంకో మాట, తాడు రెండో కొస ముందే పడవకి కట్టి ఉందో లేదో చూసుకోండి.

ఏటిగట్టు:
థాంక్సండీ, కొనేస్తాను. అడుగున రాళ్లలో ఇరుక్కుంటే ఎలా తీయాలి?

ఒండ్రునేల:
లంగరు తల వైపు, అంటే కొక్కేలు కలిసే చోట, ఇంకో సన్న తాడు కట్టి దానికొక బోయా (నీళ్ల మీద తేలే బుడ్డి) తగిలించండి. ఇరుక్కుంటే ఆ తాడు లాగితే వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. మొండికేసి లాగుతూ ముందు కొసని నీళ్లలోకి దించుకోవద్దు.

తెరచాప:
వరద నీళ్లలో అయితే పడవే దించకండి, కొట్టుకొచ్చే దుంగ తాడుకి తగులుకుంటే ముందు కొసని కిందికి లాగేస్తుంది. మామూలు రోజుల్లో కూడా పదునైన కత్తి ఒకటి ముందు వైపు చేతికందేలా ఉంచుకోండి, సంచి అడుగున కాదు. లంగరు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, తాడు కోసేయడానికి వెనకాడకండి.