టెన్షన్ అనేది జీన్‌లనే రాసి ఉంటదా?

కాజీపేట పోరడు:
మా బావ డీఎన్‌ఏ టెస్టు చేయించుకున్నడు. సీఆర్‌హెచ్‌ఆర్1 జీన్‌ల తేడా ఉందట, అందుకే ఊకె గుండెదడ, నిద్ర లేకపోవుడని రిపోర్టు. "నా రాతే గింత" అని కూసున్నడు. నిజమేనా?

పరకాల అక్క:
తమ్మీ, జీన్ అబద్ధం కాదు. రాత అన్నకాడనే నేనొప్పుకోను.

భయమైనప్పుడు మెదడుల హైపోథాలమస్ అనే భాగం సీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను వదులుతది. 41 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి మీద దాన్ని అందుకునే గ్రాహకం (రిసెప్టర్) ఉంటది, ఆ గ్రాహకం తయారయ్యేది 17వ క్రోమోజోమ్ మీదున్న ఈ జీన్‌తోనే. అక్కడినుంచి ఏసీటీహెచ్ అనే ఇంకో హార్మోన్ రక్తంల కలిసి, కిడ్నీల మీది అడ్రినల్ గ్రంథులకు చేరి, కార్టిసాల్ అనే టెన్షన్ హార్మోన్ ఊరుతది. కాసేపైతే మేలే. నెలల తరబడి తగ్గకుంటే బీపీ, షుగర్, నిద్ర అన్నీ తప్పుతయి.

2008ల అమెరికావోళ్లు చూసిందేంది? చిన్నప్పుడు హింస పడ్డోళ్లల్ల ఈ జీన్‌ల ఒక రకం ఉన్నోళ్లకు డిప్రెషన్ లక్షణాలు తక్కువ. అంటే అనుభవం, జీన్ రెండూ కలిస్తేనే లెక్క. పైగా 2019ల డిప్రెషన్‌కు పేరుబడ్డ 18 జీన్లను లక్షలమంది డేటాతోటి పరీక్షిస్తే, ఎట్లపడితే అట్ల ఏరిన వేరే జీన్ల కంటే ఇవేం ఎక్కువ కాదని తేలింది. ఒక్క జీన్ చూసి మనిషి గుణం చెప్పుడు తప్పు.

మా నాయినను చూసిన నేను. పత్తి తీస్కపోతే మిషిన్ల తేమ 14 చూపెట్టింది, 12 దాటితే కొనరు. తువ్వాల కొసను వేలికి చుట్టుకుంట, విప్పుకుంట గంటసేపు అట్లనే నిలబడ్డడు. ఇంటికొచ్చినంక బీపీ చూస్తే 180. ఆయన జీన్ పొద్దున ఎట్లుందో రాత్రి గూడ గట్లనే ఉన్నది గద!

హన్మకొండ నర్సు:
అక్కా, జీన్‌ను మరీ తీసిపారేయకుండ్రి. గదే గ్రాహకాన్ని ఆపే క్రినెసెర్‌ఫాంట్ అనే మందుకు 2024 డిసెంబరుల అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది, పుట్టుకతో వచ్చే ఒక అడ్రినల్ జబ్బుకు. ఆ జబ్బున్నోళ్లకు స్టెరాయిడ్ డోసు తగ్గించుకునే వీలొచ్చింది. చిన్న సంగతా?

పరకాల అక్క:
కాదు చెల్లే, మంచి మాట చెప్పినవ్. కానీ అదే తీరు మందులు డిప్రెషన్ పరీక్షల్ల నిలవలే. తమ్మీ, రిపోర్టు పక్కన పెట్టి, ఈ ఆర్నెల్లల్ల ఏమైందో బావను మెల్లగ అడుగు. బీపీ, థైరాయిడ్ చూపెట్టు. ఇంట్ల చెప్పలేకపోతే మనసు బాధలకు సర్కారు హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉన్నది, తెలుగులనే మాట్లాడతరు.

కాజీపేట పోరడు:
అడిగిన అక్కా. చిట్టీ ఎత్తి దోస్తుకిచ్చిండట, వాడు కడ్తలేడు. మా అక్కకు గూడ తెల్వది. రిపోర్టు చేతులనే ఉంది గని, గంటసేపు దాని ముచ్చటే తియ్యలే.