ఉన్నది ఒక్కటే ట్యాంకు, గప్పీ చేపపిల్లల్ని ఎలా కాపాడుకోవాలి?

నా దగ్గరున్నది ఒక్కటే 40 లీటర్ల ట్యాంకు, ఇంకోటి పెట్టడానికి చోటు లేదు. అందులో 2 మగ, 4 ఆడ గప్పీలు. నిన్న పొద్దున లైటు వేసేసరికి జావా మాస్‌లో (ట్యాంకులో పెంచే నాచు మొక్క) కనురెప్ప వెంట్రుకంత పిల్లలు ఓ పదిహేను కనిపించాయి, సాయంత్రానికి ఆరే మిగిలాయి, తల్లే మింగుతుంటే కళ్లారా చూశాను! ఫిల్టర్ స్పాంజిదే కాబట్టి అందులోకి లాగేస్తుందన్న భయం లేదు. పిల్లల్ని విడిగా ఉంచడానికి ట్యాంకు లోపల వేలాడదీసే బ్రీడింగ్ బాక్సు సరిపోతుందా, లేక అంత ఇరుకులో పిల్లలు గిడసబారిపోతాయా? మగవాటిని తీసేసినా, ఒకసారి జతకట్టిన ఆడవి నెలల తరబడి పిల్లల్ని పెడుతూనే ఉంటాయి కదా, అదో టెన్షన్. ఇలా ఒక్క ట్యాంకుతోనే నెట్టుకొస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, నీళ్లు ఎన్నాళ్లకోసారి ఎంత మారుస్తున్నారో, పిల్లల్ని ఎంత సైజుకొచ్చాక పెద్దవాటితో కలుపుతున్నారో కాస్త చెప్పండి.